నాన్న కుంచె పోయింది, నా మౌస్ పోతోంది, కొడుకు చేతిలో ఏం పెట్టను?

కోనసీమలో ఒక మండల కేంద్రం నుంచి వచ్చిన ఉత్తరం ఇది. నాలుగు పేజీలు రాశారు. పేరు, ఊరు వద్దన్నారు కాబట్టి అవి తీసేసి సంగతి మాత్రం క్లుప్తంగా చెబుతాను.

ఆయనకు 44 ఏళ్ళు. సెంటర్లో డీటీపీ, ఫ్లెక్సీ, శుభలేఖల షాపు ఉంది. తండ్రి బోర్డులు రాసే ఆర్టిస్టు. కిరాణా కొట్ల పేర్లు, లారీల వెనక రాతలు, వేట పడవల మీద పేర్లు, ఎన్నికలప్పుడు గోడల మీద గుర్తులు అన్నీ ఆయన రాసినవే. ఫ్లెక్సీ మిషన్లు వచ్చాక రెండు మూడేళ్ళలోనే ఆయన్ని పిలిచేవాళ్ళు లేకుండా పోయారు. ఆ దెబ్బ తిన్న తండ్రే కొడుకును రాజమండ్రి పంపి పేజ్‌మేకర్, కోరెల్‌డ్రా నేర్పించారు. "కంప్యూటర్ పని కదరా, నీకు ఢోకా ఉండదు" అన్నారట. ఇరవై ఏళ్ళు నిజంగానే ఢోకా లేకుండా గడిచింది. ఆ షాపు మీదే చెల్లెలి పెళ్ళి చేశారు, డాబా వేశారు.

ఈ ఏడాది మాఘమాసం పెళ్ళిళ్ళ సీజన్లో ఒకాయన షాపుకొచ్చి ఫోన్ తెరిచి చూపించారు. "ఆయ్, డిజైను మా అమ్మాయే ఏఐలో చేసేసిందండి. మీరు ప్రింటు కొట్టి ఇస్తే చాలు" అన్నారట. అప్పటి నుంచి అలాంటివాళ్ళు వారానికి నలుగురైదుగురు వస్తున్నారు. డిజైనుకు 800 రూపాయలు ఇచ్చే చోట ఇప్పుడు 150 అన్నా బేరమాడుతున్నారు. దీని మీద ఇంకో దెబ్బ ఇంట్లోనే తగిలింది. పదో తరగతి రాసి ఖాళీగా ఉన్న కొడుకు, ఊరి తీర్థానికి పోస్టరు పది నిమిషాల్లో ఫోన్‌లో చేసి చూపించాడు. "వాడు సరదాకి చేశాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు" అని రాశారు.

ఇప్పుడు కొడుకును ఎందులో వేయాలన్నది అసలు చిక్కు. భీమవరం వైపు ఉండే బావమరిదికి మోటార్ వైండింగ్ షాపుంది, రొయ్యల చెరువుల్లో నీళ్ళకు గాలి కలిపే ఏరియేటర్లు బాగుచేస్తాడు. "ఐటీఐ ఎలక్ట్రీషియన్‌లో చేర్పించు బావా, సెలవుల్లో నా దగ్గర పెట్టు. ఏఐ ఏమైనా చెరువులోకి దిగుతుందా?" అంటున్నాడు. భార్య ససేమిరా అంటున్నారు. రెండేళ్ళ కిందట వాళ్ళ బంధువుల ఊళ్ళో చెరువు గట్టు మీద కరెంటు షాక్ కొట్టి ఒక కుర్రాడు చనిపోయాడు. ఆవిడకు పిల్లాడిని పాలిటెక్నిక్ కంప్యూటర్ బ్రాంచిలో వేయాలని ఉంది. పాలిసెట్‌లో సీటు వచ్చే ర్యాంకే వచ్చింది. తాతగారు ఏమీ మాట్లాడటం లేదు. పిల్లాడు "మీరు ఏది చెబితే అది" అన్నాడట.

ఆయన అడిగినవి రెండు. ఏఐ వల్ల ఏ పనికి ఎంత ముప్పో ఒక పట్టీలా వేసి చెప్పమన్నారు. ఆరు లక్షలు అప్పు చేసి గాజు, చెక్క లాంటి వాటి మీద నేరుగా ప్రింటు వేసే యూవీ ప్రింటర్ కొనాలా వద్దా అన్నారు. చివర్లో ఒక మాట రాసి కొట్టేశారు, కానీ చదవగలిగాను: "రంగు చేతుల నుంచి ఏసీ గది దాకా వచ్చాం. మళ్ళీ మసి చేతులకా?"

ఇక నా మాట.

నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ విభాగంలో 26 ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి. అంచేత నా మొగ్గు ఎటో మీకు ముందే తెలియాలి. అయినా మీ బావమరిది మాటకు వెంటనే తలూపలేను.

మీరు అడిగినలాంటి పట్టీ ఒకటి నిజంగానే ఉంది. 2013లో ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసే కార్ల్ ఫ్రే, మైకేల్ ఆస్బోర్న్ అనే ఇద్దరు అమెరికాలోని 702 వృత్తులకు, యంత్రాల పాలయ్యే ముప్పు ఎంతో లెక్కగట్టారు. అందులో ఎలక్ట్రీషియన్‌కు 15 శాతం వేశారు. గ్రాఫిక్ డిజైనర్‌కు దాదాపు 8 శాతం. ఆ రోజు మీరు ఆ పట్టీ చూసుంటే, నాన్నగారు నన్ను సరైన చోటే పెట్టారని గుండె మీద చెయ్యేసుకుని పడుకునేవారు. తొమ్మిదేళ్ళు తిరిగేసరికి, 2022లో, మాటల్లో చెబితే బొమ్మ గీసిపెట్టే ఏఐలు జనం ఫోన్లలోకి వచ్చేశాయి. మూడేళ్ళ తర్వాత జియోఫ్రీ హింటన్, ఏఐ మీద చేసిన పనికి 2024లో నోబెల్ అందుకున్న ఆయన, ఒక ఇంటర్వ్యూలో ప్లంబింగ్ నేర్చుకోమని సలహా ఇచ్చారు. ఆ మాట మన ఫోన్ల దాకా కూడా వచ్చింది. అదే హింటన్ 2016లో ఎక్స్‌రేలు, స్కాన్లు చదివే రేడియాలజిస్టులకు ఇక శిక్షణ ఇవ్వడం ఆపేయాలన్నారు. ఐదేళ్ళలో, మహా అయితే పదేళ్ళలో యంత్రం వాళ్ళను దాటేస్తుందన్నారు. వాళ్ళకు ఇప్పటికీ గిరాకీ ఉంది. అంత తెలిసినవాళ్ళ లెక్కే ఇలా తప్పినప్పుడు, నేను శాతాలు వేసి మీ అబ్బాయి జీవితాన్ని దాని మీద నిలబెట్టమనలేను. ఒక పనిని ఎలా విప్పి చూడాలో మాత్రం చెప్పగలను.

మన డెల్టాలోనే మొదలుపెడదాం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలు పొలాలకు నీళ్ళివ్వడంతో పాటు రవాణాకూ పనికొచ్చాయి. అందుకే దారి పొడవునా పడవలు ఎత్తుపల్లాలు దాటేందుకు లాకులు కట్టారు. ధాన్యం, కొబ్బరికాయలు, మనుషులు, అన్నీ పడవల మీదే. గట్టు మీద నడుస్తూ తాడుతో పడవ లాగేవాళ్ళు ఉండేవారు. వాళ్ళ పని పోవడానికి పడవ లాగే యంత్రమేదీ కారణం కాదు. రోడ్లు పడ్డాయి, లారీలు వచ్చాయి, సరుకు కాలవ వదిలేసి రోడ్డెక్కింది. మీ నాన్నగారి సంగతీ అంతే. ఫ్లెక్సీ ఆయనకంటే అందంగా ఎప్పుడూ రాయలేదు. కొట్టువాడికి పదేళ్ళు నిలిచే బోర్డు కంటే, సాయంత్రానికల్లా ఫొటోతో సహా కట్టుకునే గుడ్డ చాలనిపించింది. ఇప్పుడు మీ దగ్గరికొచ్చిన పెళ్ళివారు కూడా ఏఐ డిజైను మీ డిజైను కంటే బాగుందని అనలేదు, గమనించారా? అది చాలన్నారు.

అందుకని ఏ పనైనా సరే, యంత్రం అచ్చం నాలా చేస్తుందా అని చూడకండి. గిరాకీకి "ఇది చాలు" అనిపించే దారి ఇంకొకటి దొరుకుతుందా అని చూడండి. శుభలేఖకు అది ఎందుకు అంత తేలిగ్గా దొరికింది? పని మొత్తం తెర మీదే అయిపోతుంది. తప్పొస్తే చెరిపి మళ్ళీ చేయడానికి పైసా ఖర్చు లేదు. బాగుందో లేదో చూసినవాడికే తెలిసిపోతుంది. ఈ మూడూ కలిసిన పని ఏదైనా ఏఐకి ముందు దొరుకుతుంది, దాన్ని ఎంత కష్టపడి నేర్చుకున్నా సరే.

ఇప్పుడు మీ బావమరిది పని చూడండి. రొయ్యల చెరువులో నీళ్ళలోని ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది. ఆ వేళ ఏరియేటర్ ఆగితే గంటల్లో పంట పోతుంది. రెండున్నరకో మూడింటికో ఫోను వస్తుంది. వెళ్ళేసరికి మోటారు తిరగకుండా గుయ్యిమని మూలుగుతూ ఉంటుంది. ముందు మెయిన్ ఆపించాలి. ఆపారని నమ్మకుండా టెస్టర్‌తో చూసుకోవాలి. ఆ తర్వాత మోటారు బాడీ మీద చెయ్యి వెనక్కి తిప్పి ఆనిస్తే వేడి తెలుస్తుంది. మూత విప్పితే వార్నిష్ మాడిన వాసన వస్తే వైండింగ్, అంటే లోపలి రాగితీగ చుట్ట, కాలిందన్నమాట. వాసన లేకపోతే షాఫ్టు చేత్తో తిప్పి చూడాలి. గరగరమంటే ఉప్పునీళ్ళకు బేరింగ్ పట్టేసింది. సాఫీగా తిరిగితే మూడు ఫేజుల్లో ఒకటి రావడం లేదేమో స్టార్టర్ దగ్గర చూడాలి. అవతల రైతు టార్చి పట్టుకుని నిలబడి ఉంటాడు, నీళ్ళ మీదికి రొయ్య తేలడం మొదలైందని పాలేరు కేకేస్తుంటాడు. ఈ పనిలో జాగా ప్రతిసారీ వేరు. ముక్కుకూ వేలికీ తెలిసేది చాలా ఉంది. తప్పు చేస్తే చెరిపి మళ్ళీ చేసే వీలు లేదు.

హాన్స్ మోరావెక్ అనే రోబోల శాస్త్రవేత్త 1980ల్లోనే దీన్ని పట్టుకున్నాడు. పెద్దవాళ్ళకు కష్టమనిపించే లెక్కలు, చదరంగం యంత్రానికి సులువు. ఏడాది పిల్లాడు చేసే పని, అంటే తడుముకుని పట్టుకోవడం, తూలకుండా నడవడం, దానికి మహా కష్టం. చెరువు గట్టు బురదలో నడిచి, తుప్పు పట్టిన బోల్టు విరగ్గొట్టకుండా విప్పే రోబో మన చౌకకు ఇప్పట్లో వస్తుందని నేను అనుకోను.

అలాగని ఆ పని మొత్తం భద్రమేమీ కాదు. ఆ మూలుగు ఫోన్‌లో రికార్డు చేసి ఏఐని అడిగితే, ఫేజ్ పోయి ఉండొచ్చు, బేరింగ్ చూడండి అని ఇప్పటికే చెబుతుంది. అంటే "జబ్బేంటో నాకే తెలుసు" అనే పెద్దరికం తగ్గుతుంది. ఫోన్ నుంచి మోటారు ఆన్ చేసే స్టార్టర్లు, నీళ్ళలో ఆక్సిజన్ కొలిచి వాటంతటవే ఏరియేటర్ తిప్పే సెన్సర్లు, మేత చల్లే ఆటోమేటిక్ ఫీడర్లు వచ్చాయి. రాత్రంతా గట్టు మీద కాపలా కాసే మనిషికి వీటి వల్ల ముప్పుంది. వాటిని బిగించి, ఉప్పు పట్టిన సెన్సర్ తుడిచి సరిచేసేవాడికి కొత్త పని పుడుతుంది. ఒకే చెరువు గట్టు మీద ఇద్దరు మనుషులు, ఒకే యంత్రం వల్ల ఒకరికి నష్టం, ఇంకొకరికి లాభం.

మిగతా పనులనూ ఇలాగే విప్పి చూడండి.

ట్యాలీలో ఎంట్రీలు కొట్టే పని, ఇంటి ప్లాన్లు ఆటోక్యాడ్‌లో గీసే పని మీ డిజైన్ పనికి అన్నదమ్ములే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో చేసిన అధ్యయనంలో గుమస్తా తరహా పనులకే ఈ ఏఐ తాకిడి అన్నిటికంటే ఎక్కువని తేల్చింది. ఆ పనుల్లో 24 శాతానికి తాకిడి తీవ్రమనీ, మరో 58 శాతానికి మధ్యస్థమనీ చెప్పింది. కానీ జీఎస్టీ నోటీసు వస్తే వెళ్ళి మాట్లాడి సంతకం పెట్టే అకౌంటెంట్ ఉంటాడు. స్థలం దగ్గరికి వెళ్ళి టేపు పట్టి, పక్కింటివాడి గోడ ఆరంగుళాలు ఇటు జరిగిందని కనిపెట్టే డ్రాఫ్ట్స్‌మన్ ఉంటాడు. కుర్చీలోంచి లేవనివాడికే కష్టం.

వెల్డింగ్, టర్నింగ్ పనుల్లో ముప్పు పాతదే, ఏఐతో వచ్చింది కాదు. కార్ల ఫ్యాక్టరీల్లో వెల్డింగ్ రోబోలు దశాబ్దాలుగా ఉన్నాయి. ఒకే ముక్క వేలకొద్దీ చేయాలంటే కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ మిషన్ ఉండనే ఉంది. రైస్ మిల్లు షాఫ్టు విరిగితే కొలతల్లేకుండా పాత ముక్క చూసి కొత్తది తిప్పిచ్చే లేత్ మేస్త్రికి, పడవ అడుగున పడుకుని పైకి చూస్తూ వెల్డింగ్ చేసేవాడికి పని ఉంది. ఒకటే తంతు ఎన్నిసార్లు అనేదే ఇక్కడ లెక్క.

ఏసీ మెకానిక్ పని మీద నాకు ఆశ ఎక్కువ. మన తీరంలో ఉప్పుగాలికి ఏసీ కాయిల్స్ తొందరగా తుప్పు పట్టి పాడవుతాయి. పైగా ఈ ఏఐ అంతా నడిచేదే కరెంటు మీద, చల్లదనం మీద. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్ళలో 1500 కోట్ల డాలర్లతో డేటా సెంటర్ కడతామని ప్రకటించింది. అలాంటి చోట్ల కేబుళ్ళు లాగేవాళ్ళు, చల్లబరిచే చిల్లర్ మిషన్లు చూసేవాళ్ళు కావాలి. అది మీ అబ్బాయికి ఉద్యోగం ఇస్తుందని చెప్పడం లేదు, గాలి ఎటు వీస్తోందో చెబుతున్నాను. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఇన్వర్టర్ ఏసీల్లో బోర్డు పాడైతే బాగుచేయడం పోయి, తీసి కొత్తది పెట్టడం పెరిగింది. బోర్డు బాగుచేసే నేర్పుకు గిరాకీ తగ్గుతూ, బిగించే పనికి పెరుగుతోంది. సెల్‌ఫోన్ రిపేరు షాపులు పదేళ్ళుగా ఇదే బాధ పడుతున్నాయి.

టైలర్ల మాట రెండు ముక్కల్లో చెబుతాను. మెత్తటి గుడ్డను పట్టుకుని మడిచి కుట్టడం రోబోలకు ఇంకా సరిగ్గా కుదరలేదు. జాకెట్టు కుట్టే ఆవిడను దెబ్బకొట్టేది రెడీమేడ్ బట్టలే. నరసాపురం లేసు అల్లికను దెబ్బతీసింది కూడా మిషన్ లేసే.

ఏఐకి అందని పని కదా అని, అదే మంచి పని అనుకోకండి. మన తోటల్లో కొబ్బరి దింపు తీసేవాళ్ళను చూడండి. ఒక్కో చెట్టు ఒక్కో వంపు, గాలికి ఊగుతుంది, ఏ గెల పక్వానికి వచ్చిందో పైకెక్కినవాడే చూసి కొట్టాలి. యంత్రానికి ఇంతకంటే కష్టమైన పని మన దగ్గర ఇంకోటి లేదేమో. అయినా ఏ దింపు కార్మికుడూ కొడుకును చెట్టెక్కించాలనుకోడు. పడితే నడుం విరుగుతుంది, ఇంటిల్లిపాదీ పస్తే. మీ ఆవిడ భయం సరిగ్గా ఇదే. ఆవిడ ఏఐ గురించి అడగడం లేదు, ప్రాణం గురించి అడుగుతున్నారు. మీరూ మీ బావమరిదీ కలిసి ఆవిడకు తెలియదన్నట్టు మాట్లాడినట్టున్నారు. ముగ్గురిలో ముఖ్యమైన ప్రశ్న వేసింది ఆవిడే.

ఇంకో సంగతి మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. పని ఉండటం వేరు, గిట్టడం వేరు. కంప్యూటర్ పనులు తగ్గి అందరూ ఒక్కసారిగా ఎలక్ట్రీషియన్ వైపు పరిగెత్తితే కూలి రేటు పడిపోతుంది. ఎలక్ట్రీషియన్ సీట్లకు తోసుకుంటూ, పక్కనే ప్లంబర్ సీట్లు ఖాళీగా ఉన్న ఏళ్ళు నేను చూశాను. ఆ బ్యాచిల్లోంచి వచ్చినవాళ్ళలో చాలామంది ఏళ్ళ తరబడి హెల్పర్లుగానే ఉండిపోయారు. ఇంట్లో స్విచ్చిబోర్డు బిగించడం దగ్గర ఆగిపోయినవాడిని ఏఐ ఏమీ చేయదు, పక్క కుర్రాడే వంద తక్కువకు వస్తాడు. వైండింగ్ వచ్చినవాడు, కంట్రోల్ ప్యానెల్ వైరింగ్ చదవగలిగినవాడు, ఇంటి మీద సోలార్ బిగించి లెక్క చెప్పగలిగినవాడు ఆ గుంపులోంచి బయటపడతారు. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం లక్ష్యం కోటి ఇళ్ళు, మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది. ఆ పని మన ఊళ్ళలోనూ నడుస్తోంది.

మీ అబ్బాయి ముందున్న దారులు నాకు కనిపించినంతలో చెబుతాను.

పాలిటెక్నిక్ కంప్యూటర్ బ్రాంచి మూడేళ్ళు. చదివితే చెడేదేమీ లేదు, కానీ డిప్లొమాతో దొరికే మొదటి ఉద్యోగాలే, అంటే చిన్న చిన్న కోడ్ రాయడం, డేటా చూడటం లాంటివే, ఇప్పుడు ఏఐ చేతిలోకి పోతున్నాయి. ఆ దారిలో వెళ్తే ఇంజనీరింగ్ దాకా చదివించగలమని మీరు ముందే సిద్ధపడాలి. అదే పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ బ్రాంచి కూడా ఉంది. మీ ఇద్దరి గొడవలో ఇది ఎవరికీ తట్టినట్టు లేదు. మీ ఆవిడకు కాలేజీ చదువు ఉంటుంది, మీ బావమరిదికి కరెంటు పని ఉంటుంది. డిప్లొమా అయ్యాక ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరే వీలూ ఉంటుంది. కాకపోతే డిప్లొమాలో పుస్తకం ఎక్కువ, చేతిపని తక్కువ. సెలవుల్లో షాపుకు వెళ్ళకపోతే మూడేళ్ళ తర్వాత మోటారు విప్పడానికి చెయ్యి వణుకుతుంది.

ఐటీఐ ఎలక్ట్రీషియన్ రెండేళ్ళు. ఏసీ మెకానిక్ ట్రేడూ రెండేళ్ళే. చెయ్యి తిరుగుతుంది, త్వరగా సంపాదన మొదలవుతుంది. తర్వాత చదవాలనిపిస్తే బ్రిడ్జి కోర్సు చేసి డిప్లొమా రెండో ఏడాదిలో చేరే దారి ఉంది. అందుకని ఐటీఐ అంటే చదువు అక్కడితో ఆగిపోయిందని బెంగపడకండి. నష్టమేమిటంటే, రెండేళ్ళయ్యాక చేతిలోకి డబ్బులొస్తే మళ్ళీ పుస్తకం పట్టేవాళ్ళు తక్కువ. నా దగ్గర చదివిన పిల్లల్లో పదిమంది చదువుతామంటే ఇద్దరు వెళ్ళేవారు.

ఏమీ చదవకుండా నేరుగా మావయ్య షాపులో చేరడం మాత్రం నాకు నచ్చలేదు. పిల్లాడికి పదహారేళ్ళు. 18 నిండనివాళ్ళను ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదని చట్టం చెబుతోంది. చట్టం లేకపోయినా, నీళ్ళ మధ్య కరెంటు పని ఆ వయసు పిల్లాడిది కాదు. షాపులో కూర్చుని కాలిన మోటారు లోంచి పాత రాగితీగ ఊడదీయడం, చుట్లు లెక్కపెట్టి రాసుకోవడం, గేజ్ కొలవడం నేర్చుకోవచ్చు. చెరువు గట్టు పద్దెనిమిది దాటాకే.

పిల్లాడేమంటున్నాడు? నాలుగు పేజీల్లో వాడి మాట ఒక్క వాక్యం. "మీరు ఏది చెబితే అది" అని పదహారేళ్ళ పిల్లాడు అంటే, ఇంట్లో టెన్షన్ చూసి భయపడ్డాడని అర్థం. ఉత్తరంలో మీరు ఎందుకో ఒక సంగతి రాశారు: కిందటి వేసవిలో వాడు ఇంట్లో మిక్సీ విప్పి, కార్బన్ బ్రష్షులు అరిగాయని కనిపెట్టి, అమలాపురం వెళ్ళి తెచ్చి వేశాడని. ఏఐ పోస్టరు చేసిన పది నిమిషాలు మీకు నిద్ర లేకుండా చేశాయి, మిక్సీ సంగతి మాత్రం అలా రాసి వదిలేశారు. నాకు రెండూ ముఖ్యంగానే కనిపించాయి. కాలేజీలు తెరిచేలోపు పది రోజులు మావయ్య షాపులో, పది రోజులు మీ షాపులో ఉంచండి. సాయంత్రం ఇంటికొచ్చి దేని గురించి తనంతట తానే మాట్లాడుతున్నాడో మీ ఆవిడను గమనించమనండి. పోస్టరు చేసిన ఆ చెయ్యి వృథా కాదు. సోలార్ పని చేసేవాడైనా కొటేషన్ రాయాలి, ఇంగ్లిషు మాన్యువల్ చదవాలి. తెలుగు మీడియం పిల్లలు మాన్యువల్ అర్థం కాక ఎంత అవస్థ పడేవారో నేను రోజూ చూశాను. ఇప్పుడు ఆ పేజీ ఫొటో తీసి ఏఐని అడిగితే తెలుగులో చెబుతుంది. అది చెప్పింది గుడ్డిగా నమ్మకుండా మీటర్ పెట్టి సరిచూసుకోవడం నేర్పితే చాలు.

మీ షాపు సంగతి. ఆరు లక్షల అప్పు ఇప్పుడు వద్దనే నా మనసు చెబుతోంది. యూవీ ప్రింటర్ మంచి మిషనే, కానీ మీ సెంటర్లోనే ఇంకో ఇద్దరు కొంటే ఏడాదిలో రేటు పడిపోతుంది. ఫ్లెక్సీకి అదే జరిగింది, మీకు నాకంటే బాగా తెలుసు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించినప్పుడు మీలాంటివాళ్ళు పడ్డ కంగారు గుర్తుంది కదా. అప్పు మీద నిలబడిన మిషన్‌కు అలాంటి ఒక్క దెబ్బ చాలు. కొనాలనే ఉంటే, ముందు ఆరు నెలలు ఆ ఆర్డర్లు తీసుకుని బయట ప్రింటు చేయించి ఇవ్వండి. నెలకు ఎన్ని వస్తున్నాయో పుస్తకంలో రాయండి. వాయిదాకు సరిపడా వస్తే అప్పుడు కొనండి.

డిజైను డబ్బులు తిరిగి వస్తాయని ఎదురుచూడకండి, రావు. మీ దగ్గర ఇంకా అమ్ముడుపోయేవి ఉన్నాయి. ఏఐ చేసిన శుభలేఖలో ఒత్తులు తప్పుతాయి, "చి.ల.సౌ." ఎక్కడ వేయాలో పొరపాటు పడుతుంది. సుముహూర్తం రాత్రి 2 గంటలకైతే తారీఖు ఏది వేయాలో దానికి తెలియదు. మేనమామ పేరు పడకపోతే పెళ్ళిలో ఏమవుతుందో అసలే తెలియదు. మీరు చదివి, పెద్దవాళ్ళకు ఫోన్ చేసి సరిచేసి, "తప్పుంటే నాదే పూచీ, ఉచితంగా మళ్ళీ కొట్టిస్తాను" అని ప్రింటు ధరలోనే ఇంకాస్త కలిపి తీసుకోండి. 800 రావు, 150 కంటే ఎక్కువే వస్తాయి. రెండోది బోర్డు బిగింపు. ఎల్‌ఈడీ బోర్డులు, యాక్రిలిక్ అక్షరాలు కొలత తీసి, గోడ చూసి, నిచ్చెనేసి బిగించాలి. గాలివానకు ఊడితే వచ్చి చూడాలి. మీరు పద్ధెనిమిదేళ్ళుగా కుర్చీలోంచి లేవలేదని రాశారు. ఇది కష్టమే, నడుం నొప్పి అనే వయసులో మొదలుపెట్టాలి. ఒక మనిషిని తోడు పెట్టుకోవాలి, ఆ జీతం మొదట్లో మీ జేబులోంచే పోతుంది. అది కుదరదనుకుంటే డిజైన్ కుర్చీ తగ్గించి, జిరాక్స్, ఆన్‌లైన్ అప్లికేషన్లు పెంచుకోవచ్చు. కాకపోతే అదీ తెర మీది పనే, నాలుగైదేళ్ళలో మళ్ళీ ఇదే ప్రశ్న వస్తుంది.

బోర్డు బిగింపు ఎంచుకుంటే మీ నాన్నగారిని అడగండి. పాతికేళ్ళు నిచ్చెన మీద నిలబడినాయన. ఎంత దూరం నుంచి చూస్తే ఎంత అక్షరం కనిపిస్తుందో, పడమటి ఎండకు ఏ రంగు ముందు వెలిసిపోతుందో ఆయనకు తెలిసినంత ఆ సెంటర్లో ఎవరికీ తెలియదు. ఆయన మౌనంగా ఎందుకున్నారో నేను చెప్పలేను, కానీ "కంప్యూటర్ పని కదరా, నీకు ఢోకా ఉండదు" అని తను చెప్పిన మాట తప్పిందని నొచ్చుకుంటున్నారేమో. ఆ మాట మీ ఇంటిని ఇరవై ఏళ్ళు నిలబెట్టిందని ఒకసారి ఆయనతో అనండి.

మసి చేతులని మీరు రాసి కొట్టేసిన మాటకు నేను బాధపడలేదు. అలా అనిపించడం సహజం. మా క్లాసులో చేరిన పిల్లల తండ్రులు సగం మంది తల వంచుకునే సంతకం పెట్టేవారు.

చివరిగా మీ బావమరిదితో చేయాల్సిన పని ఒకటుంది. ఈ ఆదివారం ఆయన్ని భోజనానికి పిలిచి, మీ ఆవిడ ఎదురుగానే అడగండి. తను పనిచేసే చెరువుల్లో ప్రతి స్టార్టర్‌కూ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందా, అంటే కరెంటు లీకైన క్షణంలో లైను కొట్టేసేది? ఎర్తింగ్ వేశారా, దాన్ని చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? రాత్రి పిలుపుకు ఒక్కడే వెళ్తాడా, ఇద్దరా? మెయిన్ ఆపాక ఎవరూ వేయకుండా తాళం పెడతాడా? మీ ఆవిడకు ఇందులో సగం మాటలు కొత్తగా ఉండొచ్చు. తమ్ముడు తడుముకోకుండా చెబుతున్నాడో, నవ్వేసి మాట మారుస్తున్నాడో ఆవిడకు ఇట్టే తెలుస్తుంది. నవ్వేస్తే, పిల్లాడు కరెంటు పనే నేర్చుకున్నా సరే, ఆ షాపులో వద్దు. వేరే మేస్త్రిని వెతకండి.